మూడో డబ్బా

పద్మారావు నగర్‌లో పాతకాలపు మేడ, పైన మూడు గదుల పోర్షన్, కింద ఇల్లుగలావిడ గ్లోరియా. ఆదివారం, పొద్దు బాగా ఎక్కింది. చెల్లెలింట్లో వైఫై పెట్టడానికి వచ్చిన తాతాజీ హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బంధువుల్లో ఎవరింట్లో నెట్ పెట్టాలన్నా అతనే పెద్ద మేస్త్రీ, కూలి కాఫీ మాత్రమే. చెల్లెలు సత్యవేణి మాత్రం అతను వచ్చినప్పటినుంచీ కూర్చోలేదు.

“ఇవాళ వద్దంటే వినవేంటన్నయ్యా? వచ్చే ఆదివారం చేద్దువుగాని.”

“పార్సిల్లో తెప్పించిన డబ్బాలు విప్పి ముందేసుకున్నాక వద్దంటే ఎలాగే? ఆ వైరు ఇటియ్యి. ఏంటీ ఫినాయిల్ కంపు, కళ్ళు మండిపోతున్నాయి.”

“ఇల్లు కడిగాను.”

“ఆదివారం పూట తలంటుకుంటారుగాని ఇల్లు కడుగుతారుటే ఎవరైనా? సర్లే, ఇటు చూడు. ఈ పాతది రౌటరే, ఈ కొత్తదీ రౌటరే. రెండింటినీ అలాగే వదిలేస్తే ఇంట్లో రెండు నెట్లు తయారవుతాయి. ఒకే ఒరలో రెండు కత్తులన్నమాట. అందుకని పాతదాని నోరు నొక్కేస్తాం. బ్రిడ్జి మోడ్ అంటారు దాన్ని. బయటినుంచి నెట్ తెచ్చివ్వడం వరకే దాని పని. పెత్తనమంతా కొత్తదానిది.”

“నోరు నొక్కేస్తే ఊరుకుంటుందా?”

“యంత్రం కదే, ఊరుకుంటుంది. ఊరుకోకపోతే ఇస్త్రీపెట్టె పెట్టి కొట్టడానికి నేనేమైనా మీ ఆయన్నా?”

“వాడి మాట ఇప్పుడెందుకు?”

“ఎందుకెత్తకూడదు? ఆ మోచెయ్యి ఇప్పటికీ సరిగ్గా వంగదు నీకు. డాక్టరు ఎక్స్‌రే చూసి మెట్ల మీద పడ్డారా అనడిగితే, ఔనని చెప్పావు. ఆ పక్కనే ఆపిల్ పళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, వెధవ. వరహాలబాబట, వరహాలబాబు! కంటపడనీ ఒకసారి. మోకాలి చిప్పలు రెండూ చితక్కొట్టి, బొల్లారం పోలీస్ స్టేషన్‌దాకా పాకించి తీసుకెళ్తాను.”

“నువ్వా?”

“నేనే! నవ్వుతావేంటే?”

“నవ్వలేదన్నయ్యా.”

“ఒక్క దెబ్బతో సరిపెడతాననుకున్నావా? నీకెన్ని తగిలాయో అన్నీ వడ్డీతో సహా... ఆ చేతికి గుడ్డ ఎందుకు చుట్టావు?”

“కత్తిపీటకి తెగింది.”

“చూసుకోవద్దూ? సరే, ఇది హాల్లో పెట్టేశాను. రెండోది వంటింటి గట్టు మీద. మూడోది వెనక గదిలో పెడితే అయిపోతుంది. పద.”

“ఆ గదిలో వద్దు.”

“అదేంటి? సింధూర చదువుకునేది అక్కడేగా? మూరెడు మందం గోడలివి. గోడ అడ్డమైతే సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు.”

“తాళం పోయింది.”

“తాళం పోతే నెట్టేద్దాం. పాత తలుపు, భుజం పెడితే...”

“అన్నయ్యా! వద్దన్నానా? ఇల్లుగలావిడ ఊరుకోదు. గది బయట పెట్టు. గుమ్మం పక్కన ప్లగ్గుందిగా, అక్కడ.”

“అరుస్తావేంటే? బయటే పెడతాలే. నీ ఇల్లు, నీ ఇష్టం.”

“సత్యవేణీ! ఓ సత్యవేణీ! నెట్ షురూ అయిందా? నీ బిడ్డ సింధూర ట్యాబ్ పట్టుకొని కూసుంది, ఒక్కటే పరేషాన్ చేస్తుంది నన్ను!”

“ఇదిగో గ్లోరియా ఆంటీ, అయిపోవచ్చింది! కాసేపు కిందే ఉంచుకోండి దాన్ని!”

“ఉండనీ, నాకేం తక్లీఫ్ లేదు. గని ఏందమ్మా, మేం చర్చి నుంచి వచ్చి గేటు తీస్తుంటే పైన దబ్బుమని సప్పుడైంది?”

“రోటి పొత్రం జారిందాంటీ!”

“అయ్యో! కాలు మీద గిట్ల పడలే కదా?”

“లేదాంటీ. కాలు మీద పడలేదు.”

“జెర పైలం బేటా!”

“మంచావిడేనే ఈ ఇల్లుగలావిడ. సింధూరని చర్చిక్కూడా తీసుకెళ్తోందా?”

“పాటలు బావుంటాయని అదే వెళ్తానంటుంది. ఎంతసేపన్నయ్యా ఇంకా?”

“అయిపోయిందే, పేరు పెట్టడమే. మీరిద్దరూ ఉన్న బొల్లారం ఇంట్లో వైఫైకి పెట్టిన పేరే పెట్టేస్తాను, ఆ పాస్‌వర్డే.”

“ఆ ఇంటి పేరు నా ఇంట్లో ఎందుకు?”

“పేరుకి ముళ్ళుంటాయా? అదే పెడితే నీ ఫోను, పిల్ల ట్యాబు, టీవీ అన్నీ వాటంతటవే వచ్చి కలుస్తాయి. లేకపోతే ఒక్కోదానికీ కూర్చుని పాస్‌వర్డు కొట్టాలి. నేనెవరింట్లో పాతది మార్చినా ఇలాగే చేస్తాను. మా అత్తగారింట్లో రౌటరు నాలుగుసార్లు మార్చాను, ఆవిడకి మార్చినట్టే తెలీదు.”

“ఏదో ఒకటి పెట్టు. పెట్టి వెళ్ళు. వదిన చూస్తూ ఉంటుంది.”

“భోజనం చేసి వెళ్తానని చెప్పొచ్చాను మీ వదినకి. వెళ్ళు, వెళ్ళు అంటూ తరుముతావేంటి? ఇదిగో, నీలం లైటు వచ్చింది. రెండోది... వచ్చింది. మూడోదీ వచ్చేసింది. చూశావా? ఇంద, ఈ యాప్ చూడు. ఏ డబ్బా దగ్గర ఏ ఫోనుంటే దాని కింద పేరు వేస్తుంది. హాలు డబ్బా కింద నీ ఫోను, టీవీ. సింధూర ట్యాబు కూడా వచ్చేసింది, కిందనుంచే! ఇది నాది.”

“బావుంది.”

“ఇంకోటేదో ఉందే.”

“ఏంటి?”

“ఉండు... ‘బాబు ఫోన్’ అని పడింది. బాబెవరే మీ ఇంట్లో? వేణీ. బాబంటే... వాడా?”

“పేరేదో కలిసిందేమోలే.”

“పేరు కలిస్తే పాస్‌వర్డు కలుస్తుందా? బొల్లారంలో వాడి ఫోనుకి పాస్‌వర్డు కొట్టింది నేను! అయ్యో అయ్యో, ఎంత పని చేశానే! అదే పేరు పెట్టాను కదా, వాడి ఫోను కూడా వచ్చి అంటుకుంది. అంటే వాడు ఇక్కడే ఉన్నాడు. ఈ వీధిలోనే ఉన్నాడే! తలుపు... తలుపు గడియ పెట్టు!”

“పెట్టే ఉంది.”

“ముందు సింధూరని పైకి... వద్దు వద్దు, కిందే ఉండనీ, గ్లోరియా ఆంటీకి ఫోన్ చేసి తలుపేసుకోమను. రోకలుందా ఇంట్లో? కారం డబ్బా తే. పాకిస్తాను, చితక్కొడతాను అని వాగాను కదూ ఇందాక? భయంగా ఉందే నాకు. వాడు నిన్ను చంపేస్తానన్నాడు, అన్నంత పనీ చేస్తాడు. వందకి కొడుతున్నాను.”

“ఫోన్ కింద పెట్టన్నయ్యా.”

“పోలీసులు వచ్చేలోపు వాడు...”

“పోలీసులు అప్పుడే వద్దు. కింద పెట్టు. నా మాట విను.”

“సరే, సరే. ముందు ఎక్కడున్నాడో చూద్దాం. గేటు దగ్గరుంటే హాలు డబ్బా కింద పడాలి... హాలు డబ్బా కింద లేదు. వంటింటిది... దాని కిందా లేదు. మూడో డబ్బా. మూడో డబ్బా కింద ఉందే! సిగ్నల్ నిండా గీతలు, అంటే ఆ తలుపు అవతలే. వేణీ, వాడు ఇంట్లోనే ఉన్నాడు! ఆ గదిలో ఉన్నాడు! కిటికీలోంచి దూరాడు. నువ్వు కిందికి పో. మెల్లిగా పో. నేను తలుపు పట్టుకుంటాను.”

“కూర్చో.”

“కూర్చోడమేంటే! గోడకి అటుపక్కనే...”

“కూర్చో అన్నయ్యా. వాడు లేవడు.”

“ఏంటీ?”

“లేవడు. రెండుసార్లు చూశాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.”

“వేణీ...”

“చెబుదామనే అనుకున్నాను. నువ్వు వస్తూనే డబ్బాలు విప్పి, వైరందుకో, ప్లగ్గెక్కడ అంటూ మొదలుపెట్టావు. ఎక్కడాపి చెప్పను?”

“నువ్వా? ఒక్కదానివా? నీ చేత్తో? ఆ చేత్తో?”

“ఎడంచెయ్యి బాగానే ఉందిగా. కుడిది ఊతం పెడితే పొత్రం లేస్తుంది.”

“దేవుడా! ఎందుకే? కేక వేస్తే సరిపోయేదిగా? పారిపోతే సరిపోయేదిగా?”

“లోపలికొచ్చి గడియ వేశాడు. సింధూర ఏదన్నాడు. చర్చికెళ్ళిందన్నాను. వచ్చేదాకా కూర్చుంటానన్నాడు. అది వచ్చాక దాని కళ్ళముందే నిన్ను కోస్తాను, అప్పుడుగాని నీ కూతురికి బుద్ధి రాదన్నాడు. చాకు తీసి చూపించాడు. లాక్కోబోతే ఇదిగో, ఇలా తెగింది. నేను అరవలేదు. అరిస్తే వాడికి హుషారు, నీకు తెలీదు. వాడు వెనక గదిలో సింధూర మంచం మీదే కూర్చుని బూట్లు విప్పుకుంటూ మంచినీళ్ళు తెమ్మన్నాడు. అంత ధైర్యం వాడికి! ఎన్నేళ్ళు తెచ్చిచ్చానో కదా. వంటింట్లోకెళ్ళాను. గ్లాసు పక్కనే పొత్రముంది. తల వంచుకుని లేసు లాగుతున్నాడు. మొదటి దెబ్బకి తలెత్తి చూశాడన్నయ్యా. ఆశ్చర్యంగా చూశాడు. రెండోది ఆ చూపు మీద వేశాను.”

“వద్దు. ఇంక చెప్పకు.”

“అప్పుడే గేటు చప్పుడైంది. సింధూర నవ్వు వినపడింది. పొత్రం జారిపోయింది చేతిలోంచి.”

“ఏడవవేంటే? ఏడు, నా తల్లీ. నేనేడుస్తుంటే నువ్వలా నిలబడతావేంటి? పోలీసులకి చెబుదాం. ప్రాణం కాపాడుకున్నావు, అంతేగా? చాకుంది, నీ చేతికి గాయముంది, ఎక్స్‌రేలున్నాయి. నేనుంటాను పక్కన. ఎక్కడికీ పోను.”

“చెబుదాం. సింధూరని మీ ఇంటికి పంపించేశాక చెబుదాం. అందుకే నిన్ను వెళ్ళమన్నాను. వెళ్తుంటే దాన్ని కూడా తీసుకెళ్ళమందామని.”

“పంపిద్దాం. మీ వదిన్ని రమ్మంటాను. కానీ వాడికి ఈ ఇల్లెలా తెలిసిందే? ఈ అడ్రసు అమ్మకి కూడా చెప్పలేదు మనం. నీకూ నాకూ మీ వదినకీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు. ఎవడు చెప్పాడు? ఆ చెప్పినవాణ్ణి నేను...”

“ఈ డబ్బాలు ఎవరి అకౌంటులోంచి తెప్పించావు?”

“నా ఫోన్లోంచేగా... మీ బొల్లారం ఇంటి షాపింగ్ అకౌంటు నా ఫోన్లోనే ఉంది కదా, టీవీ కొన్నప్పటిది. డెలివరీ ఫ్రీ అని దాంట్లోనే నొక్కేశాను. అడ్రసు మాత్రం కొత్తదే కొట్టాను. జాగ్రత్తగానే కొట్టాను, మెట్లు పక్కనుంచి అని కూడా...”

“అది వాడి నంబరు మీదుంది. పార్సిల్ బయల్దేరిందని మెసేజి వాడికే వెళ్ళింది, వాడే చెప్పాడు. వచ్చి గేటు దగ్గర కాపు కాసి, నా మొగుణ్ణేనని చెప్పి వాడే అందుకున్నాడు.”

“వేణీ, నేను... ఒట్టు, నాకు తట్టలేదే...”

“తెలుసన్నయ్యా. ఈ ఇంటికొచ్చాక ఎవరు కొట్టినా నేను తలుపు తియ్యలేదు, పాలవాడొచ్చినా కిటికీలోంచే. వాడు ఆ పార్సిల్ పట్టుకొచ్చి, గొంతు మార్చి, ‘తాతాజీ గారు పంపించారండీ’ అన్నాడు. నీ పేరు విని తీశాను.”