చెయ్యి అందని చోటు

హలో… ఆత్మకూరేనా? వైద్యులు జనార్దనయ్యగారేనా?… ఆ, నేనేనయ్యా. ఉదయగిరి కుట్టుటీచర్ని, సారాని.

బాగుండానా అంటే… బాగుంటే ఎందుకు చేస్తానయ్యా ఫోను? మళ్లా లేసినాది.

అదే, సెగ్గడ్డ… కాదు కాదు, పోయినసారి వీపున కుడిపక్క లేసింది మానిపొయ్యినాది. ఇది కొత్తది… మళ్లా వీపునే. రెండు రెక్కల మధ్యన. ఇదీ చెయ్యి అందనిచోటు వెతుక్కోని లేసినాది, పాడుది.

జొరమా?… నిన్న కొంచెం ఒళ్లు కాలినాది. ఇప్పుడు లేదు… పిండేదా? చెయ్యి అందితే గదయ్యా పిండేదానికి!

ఒక్క నిమిషం… రమణయ్యా, ఆ బూత్ తలుపు వెయ్యి నాయనా. ఉక్కపోస్తే పోసిందిలే, వెయ్యి… ఆ, చెప్పండయ్యా.

తాగతా ఉండాను. సుగంధిపాల వేర్లు దంచి, నీళ్లు సగమయ్యేదాకా మరిగిచ్చి, పొద్దున్నే పరగడుపున… రాత్రికి త్రిఫల చూర్ణం, గోరెచ్చటి నీళ్లతో… స్నానానికి వేపాకు కాచిన నీళ్లే… ఆ నైలాను జాకెట్లు మీరు చెప్పినరోజే మూటగట్టి పెట్టేసినా. నూలుగుడ్డతో వదులుగా కుట్టుకున్నా. చర్చీలో ఆడోళ్లందరూ, "ఏంది టీచరమ్మా, ఎవరి జాకెట్టు తొడుక్కోనొచ్చినావు" అనేవాళ్లే.

ఆవకాయా?… అటక మీద పెట్టేసినా. గోంగూర మొహమే చూళ్లేదు…

వంకాయా?

…

ఉండాను, లైన్లోనే ఉండాను.

తిన్నానయ్యా… ఎండుచేపలేసి, చింతపులుసు పోసి… ఒకపూటా? వారమంతా తిన్నాను.

అరవబాకండయ్యా… మర్చిపొయ్యి కాదు. పెళ్లికి పొయ్యి మొగమాటానికి తిన్నదీ కాదు. నేనే సంతలో కొనుక్కోని, నేనే ఒండుకోని తిన్నా… తెలుసు, గడ్డ లేస్తదని తెలుసు… లేవాలనే తిన్నానయ్యా!

…

పిచ్చేం లేదు. చెప్తాను, ఎవరికో ఒకరికి చెప్పుకోవాల గదా.

పోయినసారి మీరు, ఇంట్లో గడ్డకి మందుపట్టు వేసేదానికి ఎవరుండారమ్మా అని అడిగినారు. ఉండార్లెండి అన్నా… ఎవరూ లేరయ్యా. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆమే వేసేది. ఆమె పొయ్యినాక ఇంట్లో నేనూ, కుట్టుమిషనూ.

గరిటె ఎనకాల మందు పూసుకోని, ఆ గరిటెని వీపు మీదకి తిప్పి వేసుకునేదాన్ని. గడ్డకి అంటేది తక్కువ, జాకెట్టుకి అంటేది ఎక్కువ. ఒకరోజు విసుగొచ్చి, మందు తీసి ద్వారబంధానికి పూసి, దానికి వీపు ఆనించినా. బర్రె గోడకి ఒళ్లు రుద్దుకున్నట్టు… నవ్వండి, నాకూ నవ్వొచ్చినాది. సరిగ్గా అప్పుడే వచ్చినాది పక్కింటి మహాలక్ష్మి, జల్లెడ కోసరం… మీరెరగరు. కరెంటు లైన్‌మెన్ పెళ్లాం. చిన్నపిల్ల. చూసి, "ఏందక్కా ఇది, నేను లేనా?" అనింది.

నేను లేనా అనిందయ్యా.

ఆ రోజు నించి ప్రతి సాయంత్రం వచ్చేది. వేపాకూ పసుపూ ఆమే నూరేది. పట్టు వేసి, "ఆరిందాకా కదలబాకక్కా" అని నా ఎనకాలే కూచునేది. ఇంక మాటలే మాటలు. అనంతసాగరంలో వాళ్లమ్మ సంగతి, ఈనిన బర్రె సంగతి, తోడికోడలి అలకలు… ఒక్కటీ పనికొచ్చే మాట కాదు. నేను ఆమె చూడకుండా నూరిన మందులో నీళ్లు పోసేదాన్ని… ఎందుకంటే ఏం చెప్పేది. తొందరగా ఆరకూడదని.

మీ మందు మంచిదేనయ్యా. అదే వచ్చింది తంటా. గడ్డ మానిపొయ్యింది. "తగ్గింది గదక్కా" అని ఆమె రావడం మానేసినాది… తప్పు ఆమెది కాదు. ఆమె సంసారం ఆమెకుండాది. నేను పొయ్యి, ఊరికే వచ్చి కూచోమ్మా అని ఎట్టా పిలిచేది? గడ్డ ఉంటే పిలవచ్చు. గడ్డ లేకుండా ఏమని పిలుస్తాము మనిషిని?

అందుకని తిన్నా.

…

రాలేదయ్యా. ఈడ గడ్డ తలెత్తినాది, ఆడ వాళ్లు లారీకి సామాన్లెక్కించినారు. మొగుడికి కలిగిరికి బదిలీ అంట… చెప్పలేదు. ఇల్లు ఖాళీ చేసే మనిషికి వీపు చూపిస్తానా? "పొయ్యొస్తామక్కా, ఒళ్లు జాగర్త" అనింది. జల్లెడ తిరిగిచ్చి పొయ్యినాది.

మళ్లా గరిటె తీసినానయ్యా.

… ఆ, వింటా ఉండాను… షుగరా? మళ్లీ మళ్లీ లేస్తా ఉంటే చూపిచ్చుకోవాల్సిందేనా?… అట్నే. రేపు పొద్దున బస్సుకి ఆత్మకూరొచ్చి, ముందు ఆస్పత్రిలో చూపిచ్చుకోని, ఆనక మీ కాడికొస్తా… సరే, చీము పట్టి ఉంటే ఆడే చూపిస్తా. దాచిపెట్టను. ఇంకేం దాచేదుండాది మీ దగ్గిర?

ఎవరికిస్తా ఉండారు?… అమ్మగారికా?… అయ్యా… హలో?

నమస్కారం నాగులమ్మగారూ… పక్కనే ఉండి విన్నారా? అంతానా?… అయ్యో, నేను అయ్యగారొక్కరే అనుకోని… లేదమ్మా, ఏడవడం లేదు. ఈ బూత్‌లో ఉక్క… ఆ. ఏడస్తా ఉండాను.

మీరు వేస్తారా?… మీ ఇంట్లోనా?… మానిందాకానా? నాకు సెలవలేననుకోండి, మీకెందుకమ్మా శ్రమ… మిషనా? దానికేం ఆకలేస్తాదా, పడుంటాది… సరేనమ్మా. వస్తా.

అమ్మా, ఒకమాట. కోప్పడబాకండి… మానినాక గూడా రావొచ్చా?

… ఊరికే. గడ్డ లేకుండా.

…

…

మానినాక వంకాయకూర ఒండి పెడతారా?… మీరు ఎండుచేపలు తినరు గదా?… ఉత్తదే చాలమ్మా. గుత్తివంకాయైతే మరీ మంచిది… నేనే తెస్తాను, మా సంతలో లేతవి దొరకతాయి… లేదు లేదు, అందాకా ముట్టను. పథ్యమే, ఒట్టు.

ఆ… ఉంటానమ్మా… ముందు మీరే పెట్టండి ఫోను. నాకేం తొందర లేదు.