మాస్టారి కంప్యూటర్‌కి చోటు చాలలేదు

హలో… ఆ, నేనే పిన్నిగారూ, విచియన్‌ని. నఖోన్ సవన్‌లో ప్రెస్సు దగ్గరే ఉన్నాను. మాస్టారి పుస్తకం ఇంకా పంపలేదేంటి?…

తెరుచుకోవట్లేదా? ఏమని వస్తోంది?… మెమరీ చాలదని. అనుకున్నా.

ఏడవకండి. దహనం రేపు సాయంత్రం నాలుగింటికి కదా. ఇవాళ మూడింటిలోగా ఫైలు చేతికొస్తే మూడొందల కాపీలు కుట్టించి ఇస్తానంటున్నాడు ప్రెస్సు తావీ అన్న. దహనానికొచ్చినవాళ్ళ చేతిలో ఆయన పుస్తకం పెట్టకుండా వట్టి చేతుల్తో పంపితే సవాంగ్ మాస్టారి పరువేం కాను?…

ఫైలుని తెరవకుండా అలా ఎత్తి పంపడానికి లేదండీ. ఆ పాత సాఫ్ట్‌వేర్ ఆయన కంప్యూటర్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు. అక్కడ తెరిచే పంపాలి…

ఫోను బ్యాటరీ పోయిందా? ఛార్జింగులో ఉంటేనే పలుకుతుందా?… సరే, దాన్ని మాత్రం తియ్యకండి.

వినండి. జనం ఎక్కువైతే పక్కింటి వసారాలో కూడా కుర్చీలు వేయించారు కదా?… అదే పని కంప్యూటర్‌కి చేస్తాం. దాని సొంత చోటు చాలక డిస్కులో ఇంకాస్త చోటు ఇస్తాం. అంతే.

సెట్టింగుల్లోకి వెళ్ళారా?… ఆ, అదే, వర్చువల్ మెమరీ. రెండు గడులున్నాయి చూడండి. మొదటి దాంట్లో నాలుగు, సున్నా, తొమ్మిది, ఆరు. రెండో దాంట్లో ఎనిమిది, ఒకటి, తొమ్మిది, రెండు.

…ఎవరండీ వెనకాల ఆ గోల?

లాటరీకా!… అయ్యో, అవి మాస్టారు ఇచ్చిన అంకెలు కావు, నేను చెప్పినవి!… ఆయన్ని పడుకోబెట్టిన ఫ్రీజర్ పెట్టె పక్కన వినబడితే ఆయనిచ్చినట్టేనా? రేపు పదహారో తారీఖు, లాటరీ తీసే రోజైతే మాత్రం!… చివరి రెండంకెలు కొనాలో మూడు కొనాలో నాకేం తెలుసు? ఆయన్నే అడగమనండి!

…తావీ అన్నా, నువ్వెందుకు రాసుకుంటున్నావ్?

చెప్పండి పిన్నీ… ఒప్పుకోవట్లేదా? రెండో గడిలో ఏం కొట్టారు?… ఎనభై ఒకటి. అది ఆయన వయసు కదా!… పక్కింటి సునీ చెప్పిందని కొట్టారా? ఆవిడ్ని ఏ నంబరు టికెట్టైనా కొనుక్కోమనండి. గడిలో మాత్రం మొదటి దానికన్నా పెద్ద అంకె ఉండాలి…

ఒప్పుకుందా! హమ్మయ్య. ఇప్పుడు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాలి…

నీలం తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా?… ఇంక మాట వినదు. బోర్డులోంచి దాని ప్లగ్గు పీకేయండి…

పీకారా?… ఇంకా తిరుగుతున్నాయా? ప్లగ్గు పీకాక ఎలా తిరుగుతాయి?… మరి ఏం ఆగింది?… బుర్రుమనే చప్పుడా?

పిన్నీ! మాస్టారి ప్లగ్గు పీకేశారు! పెట్టేయండి, ముందు పెట్టేయండి!…

నిప్పురవ్వలా?… కన్నం నల్లగా కాలిపోయిందా? ఇంక దాన్ని ముట్టుకోకండి. బోర్డులో ఎన్ని మిగిలాయి?… రెండే. ఒకటి కంప్యూటర్‌ది, ఒకటి మీ ఫోనుది.

పుస్తకం పంపేదాకా ఓ పావుగంట ఆగితే ఆయనకేం కాదండీ. మూత తియ్యకపోతే చల్లదనం ఎక్కడికీ పోదు… ఏంటి, ఆయనతో ఏమంటున్నారు?… "నలభై ఏళ్ళు, మొదట కాగితాల ముందు, తర్వాత ఆ కంప్యూటర్ ముందు కూచుని, ఐదు నిమిషాలు ఆగు ఆగు అన్నావు, ఇప్పుడు నువ్వాగు" అన్నారా! అంతమంది ముందా!…

సరే, ఈసారి కంప్యూటర్‌దే తీసి మళ్ళీ పెట్టండి. చెయ్యి పెట్టి తీగ వెంబడే రండి…

ఫైలు తెరుచుకుందా! చూశారా, ఎంత చప్పున తెరుచుకుందో. పంపు మీద నొక్కండి… ఇరవై శాతం. పర్లేదు, పోనివ్వండి.

ఇంతకీ లోపల ఏముంది? బతికున్నన్నాళ్ళూ ఎవర్నీ చూడనివ్వలేదు కదా… బడిలో ఆయన కొట్టిన పిల్లల పేర్లా?… నాలుగొందల పన్నెండు మందా? ఎవర్ని ఎందుకు కొట్టిందీ రాసి, ఒక్కొక్కరికీ క్షమాపణా!…

నాదీ ఉందా?

చదవండి.

…

బడి రేడియో విప్పాడని కొట్టాను… వాడు మళ్ళీ బిగించాక ముందుకన్నా బాగా పలికింది… ఆ మాట వాడితో అనలేదు… అనే రాశారా? ఇంకోసారి చదవండి పిన్నీ.

…

లేదండీ, జలుబు… ఆ, ఏడుస్తున్నాను. ఏడిస్తే ఏమైంది.

అన్నా, వచ్చిందా?… వచ్చింది పిన్నీ, మొత్తం వచ్చింది! మిషను మొదలైంది, వినబడుతోందా?… ఇంక కంప్యూటర్ ప్లగ్గు తీసేసి మాస్టారిది పెట్టేయండి.

తియ్యరా? ఎందుకు?… ఇంకా రెండొందల పేర్లుంటే రేపు పుస్తకంలో చదువుకోవచ్చు కదా…

మీ పేరా?

పిన్నీ, అది బడిపిల్లల జాబితా. ఆయన మీ మీద ఏనాడూ చెయ్యి…… కొట్టలేదు గానీ నలభై ఏళ్ళూ ఆగమన్నాడు కదా, అంటారా…

ఉంటుందిలెండి. ఉండాలి. చివరిదాకా చూడండి.

కానీ అక్కడ మాస్టారు వేడెక్కిపోతారండీ! ఉన్నవి రెండే కన్నాలు. కంప్యూటర్ తియ్యనంటే మరి ఆయన ప్లగ్గు ఎక్కడ పె—

హలో?

పిన్నీ?