డేవిడ్ రాజు గారు తెలియదన్న మాట

ఆ ఫొటోలో నా పక్కనున్నాయనా? డేవిడ్ రాజు గారమ్మా. ఫ్యాను కిందకి రా, చెబుతా. బైబిలు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రసాల సీజన్లో మన మామిడికాయల కొట్టుకొచ్చి కూర్చునేవాడు, కాయల కోసం కాదు, వాదనకి. దేవుడొక్కడే, పేర్లే వేరనేవాణ్ణి నేను. "వీరభద్రరావు గారూ, అన్నీ ఒకటేనంటే దేన్నీ పట్టించుకోనట్టేనండీ" అనేవాడు. ఎవడి నిజం వాడిదనే కొత్త చదువులూ ఆయనకి గిట్టేవి కావు. క్రీస్తు తప్ప వేరే దారి లేదని పుస్తకమే రాశాడు. నాకెప్పుడూ కోపం రాలా, ఏదన్నా మొహం మీదే అనేవాడు కదా. మీ నాయనమ్మ అన్నయ్యగారూ అంటూ మామిడికాయ పప్పు వడ్డించేది. ఆ పుల్లటి కాయ కూడా మన తోటదే, రెడ్డిగూడెం పక్కన... అదలా ఉంచు.

మీ నాయనమ్మ కేన్సరొచ్చి పోయింది. పుణ్యాత్మురాలు, స్వర్గానికే పోయుంటుందని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఒక్కటీ చెవికెక్కలా. పెద్దకర్మ రోజు ఈయన్నే అడిగా. "మీరు అబద్ధం చెప్పరు. నా కమల ఎక్కడుందండీ?" "తెలియదండీ" అన్నాడు. తన పుస్తకంలో రాసినట్టు ఆమెకి దారి లేదనీ చెప్పలేకపోయాడు, నన్ను ఓదార్చడానికి స్వర్గమనీ అన్లా.

ఆ ఆదివారం చర్చిలోనూ అదే చెప్పాడట. దేవుడు అన్యాయం చెయ్యడని నమ్ముతాను, అంతకుమించి తెలుసని ఇక చెప్పలేనని. పొరపాటున అన్నానని ఒప్పుకోమన్నారు చర్చి పెద్దలు. ఒప్పుకోలా. కాలేజీలో పాఠాలు మాన్పించారు. ఇది విని విజయవాడ నుంచి సర్వమత సభవాళ్ళొచ్చారు, మావాడివయ్యావని స్టేజీ ఎక్కించి దండేశారు. క్రీస్తే దారని ఇవాళ్టికీ నమ్ముతున్నానండీ అని దండ తీసి బల్ల మీద పెట్టి దిగొచ్చేశాడు. ఇక వాళ్ళూ రాలా, వీళ్ళూ రాలా.

చింతలపూడిలో చెల్లెలింట్లో ఉంటే చూడ్డానికెళ్ళా. బాగా చిక్కిపోయాడు. నేనడిగింది మర్చిపోండన్నా. "మీరడక్కముందే నన్ను నేనే అడగాల్సిందండీ" అన్నాడు. మళ్ళీ తనే, "ప్రార్థనకి కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేనట్టుంది" అన్నాడు. చెయ్యి పట్టుకు కూర్చున్నా. ఆ చలికాలమే పోయాడు. సమాధి దగ్గర ఆ చెల్లెలు, నేను, ఇద్దరు ముగ్గురు పాత శిష్యులు. పాస్టరు గారు గబగబా చదివేసి బండెక్కాడు.

ఇప్పుడు దేవుడొక్కడేనండీ అని ఎవరన్నా అంటే ఊఁ అంటాను గానీ, ఒకప్పట్లా లోపల్నుంచి రావట్లేదమ్మా. దీపం పెడతాను, చెయ్యి అలవాటుగా వెలిగిస్తుంది. ఎదురుగా... ఆఁ, ఆ ట్రేలు ఎండలో పెట్టిందెవరు? కాయ మెత్తబడిపోతుంది, లోపల పెట్టమను.