రెండు గోళ్ల నడుమ సందు

1989 జూన్ పన్నెండవ తేదీ, సోమవారం, దస్తావేజుల నమోదు కార్యాలయంలోని వేలిముద్రల బల్ల ముందు ఇరవై మూడేళ్ల యువతి ఒకరు ఆసీనులయ్యారు. ఆ బల్ల వద్దనే ముప్పై అయిదు సంవత్సరాలు నిర్విరామంగా సేవలందించి, అసలు పేరు హాజరుపట్టీకే పరిమితం కాగా అందరి నోటా ముద్రమ్మగారిగా స్థిరపడిన ఆ ఉద్యోగిని నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆమెను అభినందిస్తూ వ్యాసం రాసే బాధ్యత పక్కబల్ల గుమాస్తా మీద పడింది. ఆయన ఇప్పటికి నాలుగు కాగితాలు చించారు. ఏ ముక్కతో మొదలుపెట్టాలో పాలుపోవడం లేదు.

తొలి పదేళ్లలోనే ముద్రమ్మగారి హస్తలాఘవం పై అధికారుల ప్రశంసలందుకుంది. వచ్చినవారి బొటనవేలిని సిరాపలక మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు దొర్లించేటప్పుడు ఆమె చూపు వేలి మీదే తప్ప మొహం మీద ఉండేది కాదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసేవారు. చెయ్యి చాపితే మాత్రం ఫలానా సంవత్సరంలో ఇల్లు కొన్నవారని ఠక్కున చెప్పేవారు. కొత్తగా చేరిన వారందరికీ పని నేర్పింది ఆవిడే.

ఆరేళ్ల క్రితం హాజరు కోసం వేలిముద్ర యంత్రం వచ్చింది. అది వరుసగా మూడు రోజులు గుమాస్తా వేలిని తిరస్కరించింది. ఆయన బదులు ఇంకెవరో వచ్చి పోతున్నారేమోనని అధికారికి అనుమానం. ఉద్యోగంలో చేరిననాటి ముద్రతో పోల్చి చూడమని ముద్రమ్మగారిని ఆదేశించారు. ఆమె అరగంట భూతద్దం పట్టి చూసి నివేదిక రాసిచ్చారు: రేఖలు ఈయనవే, వేలు ఈయనది కాదు.

దాంతో కార్యాలయమంతా అయోమయంలో పడింది. తానే తానని సంజాయిషీ రాసుకోవలసి వచ్చిన గుమాస్తాకు నిజంగానే మతిపోయింది. ఇంటికెళ్లి, నేను నేనేనా అని భార్యను అడిగితే, పాతికేళ్ల తర్వాత ఇప్పుడొచ్చిందా ఆ అనుమానం అని ఆవిడ నవ్వారు.

మర్నాడు ఉదయం ముద్రమ్మగారు పాత ముద్రల పుస్తకం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చారు.

"నేను తప్పు రాశాను తమ్ముడూ. వేలు నీదే. కొస ఉబ్బింది, గోరు బోర్లించిన గిన్నెలా వంగింది. ఇదివరకు ఒకాయనకి ఇలాగే చూశాను. ఊపిరితిత్తులు పాడై చనిపోయారని తర్వాత వాళ్లబ్బాయి చెప్పాడు."

"నాకు దగ్గు కూడా లేదక్కా. సిగరెట్టు ముట్టి ఎరగను."

"నాకూ ఏమీ అర్థం కావట్లేదు. ఒక్కసారి చూపించుకో."

డాక్టరుగారు రెండు చూపుడువేళ్ల గోళ్లనూ ఒకదానికొకటి ఆనించమన్నారు. ఎవరికైనా గోళ్ల మొదట్లో వజ్రం ఆకారంలో చిన్న సందు కనిపిస్తుందట. గుమాస్తాకు కనిపించలేదు. ఇలా ఉన్న ప్రతివారికీ జబ్బు ఉండాలని లేదు, అలాగని ఊరుకోకూడదు అంటూ ఎక్స్‌రే రాశారు. కుడి ఊపిరితిత్తిలో గడ్డ. అప్పుడే మొదలైందని, దగ్గు వచ్చేదాకా ఆగి ఉంటే చేయి దాటిపోయేదని చెప్పి, ఆపరేషను చేసి తీసేశారు.

ఇప్పుడు ఎవరికి దణ్ణం పెట్టాలో గుమాస్తాకు తెలియడం లేదు. వేలిని ఒప్పుకోని యంత్రానికా, సంజాయిషీ అడిగిన అధికారికా, తప్పు రాసి రాత్రంతా నిద్రపోని ముద్రమ్మగారికా?

నిన్న ఆమె విరమణ పత్రం మీద వేలిముద్ర కావలసి వచ్చింది. ఇన్నేళ్లలో తొలిసారి ఆమె వేలిని మరొకరు పట్టుకోవాలి. ఆ అవకాశం గుమాస్తాకు దక్కింది. సిరా అద్దే ముందు ఆయన ఆమె రెండు చూపుడువేళ్లనూ గోరుకు గోరు ఆనించి, కిటికీ వైపు పట్టి చూశారు.

"ఏం వెతుకుతున్నావు తమ్ముడూ?"

సందు ఉంది. అందులోంచి బియ్యపుగింజంత వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు ఆమెకు నూరేళ్లు నిండేదాకా అక్కడ అలాగే కనిపించాలని, ఆమె దయవల్ల మిగిలిన ఊపిరితో, ఈ పక్కబల్ల తమ్ముడు మనసారా కోరుకుంటున్నాడు.