పంటిగాట్లు

ఫ్రేముల దుకాణంలో బల్ల మీద, తొమ్మిది కిటికీలు కోసిన తెల్లటి అట్ట ఉంది. ఒక్కో కిటికీలోంచి ఒక్కో ఆటగాడి బొమ్మ కార్డు కనపడేలా అమర్చి, దుకాణదారు దాన్ని, ఆ కార్డులు తెచ్చిచ్చినామె వైపు తిప్పాడు.

"చూడండమ్మా, కొత్తవాటిలా లేవూ? కిటికీలు కార్డు కన్నా వెంట్రుకవాసి చిన్నగా కోశాను. నలిగిన అంచులన్నీ అట్ట కిందికి పోయాయి."

"మధ్యలో ఉన్న ఈ కార్డుకి ఓ మూల పంటిగాట్లు ఉండాలి, అన్నయ్యా."

"ఉన్నాయమ్మా. వాటిని దాచేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

"అవి మా అబ్బాయివి. తన జట్టు ఓడిపోతోందంటే చాలు, ఆ కార్డు నోట్లో పెట్టుకుని కొరికేవాడు. ఎన్ని తిట్లు తిట్టానో."

"ఇప్పుడు మానేశాడా?"

"మనిషే లేడు, అన్నయ్యా."

దుకాణదారు అట్టని మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు.

"మీకేం తెలుసు, పాపం. బాగానే కోశారు."

"లేదమ్మా, ఈ అట్ట పనికిరాదు. ఇంకోటి కోస్తాను. ఈసారి కిటికీలు కార్డు కన్నా పెద్దవిగా కోసి, కార్డుల్ని వెనకున్న అట్టకి అతికిస్తాను. నాలుగు మూలలూ బయటే ఉంటాయి."

"మీకు రెండుసార్లు పని పెడుతున్నాను."

"అదేం మాటమ్మా. మరి పైన అద్దం వెయ్యనా? ఎప్పుడైనా చేత్తో తాకాలనిపిస్తే అడ్డమవుతుందేమో."

"వెయ్యండి. లేకపోతే రోజూ తడిమి తడిమి ఆ గాట్లు నేనే అరగదీసేస్తాను."