మధ్యాహ్నపు మాత్ర

నా వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, ముందు వరసలోని పెద్దలకు, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ క్యాంటీన్లో నా చేతి వంట తిని కూడా ఇంత ఆరోగ్యంగా ఉన్న కార్మిక మిత్రులకు (నవ్వులు), వంటగదిలో నా నోటికి జడిసి బతికిన నా వాళ్లకు నమస్కారం.

నేను ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని మేనేజరు గారు ఇందాక పొగిడారు. అయ్యా, మీరు వంటగదిలోకి ఎప్పుడూ రాలేదు. (నవ్వులు)

నాకు పార్కిన్సన్స్ జబ్బుందని మీకందరికీ తెలుసు. చెయ్యి వణకడం చూశారు కాబట్టి తెలుసు. మీరు చూడనిది చెబుతాను, భోజనానికి ముందు అనకూడని మాటే, పెద్దలు క్షమించాలి. వణుకు రావడానికి ఎనిమిదేళ్ల ముందే నాకు మలబద్ధకం పట్టుకుంది. నాలుగు వందల మందికి కడుపు నింపే మనిషిని, నా కడుపు సంగతి ఎవరితో చెప్పుకోను? తర్వాత ఈ జబ్బుకు చూసే డాక్టరమ్మ అడిగిన ప్రతిసారీ "శుభ్రంగా అవుతోందమ్మా" అన్నాను. పక్కన మా ఆయన కూర్చుని ఉండేవారు మరి. ఇప్పుడూ కూర్చునే ఉన్నారు. తలెత్తండి, ఫర్వాలేదు. (నవ్వులు)

రెండేళ్ల కిందట, పొద్దున బాగానే ఉండే చెయ్యి సరిగ్గా వడ్డన వేళకు మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు వేడి కూర ఒకాయన చొక్కా మీద పోశాను. "ఫర్వాలేదక్కా, ఉతికితే పోతుంది" అన్నాడాయన. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆ మంచి మాటకు ఏడుపొచ్చింది. ఇక నావల్ల కాదు, మానేస్తానని ఉత్తరం రాసి సంచిలో పెట్టుకున్నాను.

మన వంటగది కట్టుబాటు మీకు తెలుసు. పెద్ద వంటమనిషి రుచి చూడందే ఏ గిన్నే బయటికి పోదు. నేను రుచి చూడడమంటే చెంచాతో నాలిక తడుపుకోవడం కాదు. చిన్న గిన్నెడు పప్పు, ఒక గుడ్డు, రెండు మాంసం ముక్కలు. మర్చిపోకుండా ఉంటుందని మధ్యాహ్నపు మాత్ర కూడా వాటితోనే మింగేదాన్ని. ఒకే దెబ్బకు రెండు పిట్టలని మురిసిపోయాను.

ఒకరోజు గ్యాస్ రాక పొయ్యి వెలగలేదు. అందరికీ రొట్టె, పళ్లు పంచాం. కూరగాయలు తరిగే మా చెల్లెలు, అంటే తోడబుట్టినది కాదు గానీ అంతకంటే ఎక్కువే పోట్లాడుకున్నాం, నా చేతి వంక చూసి, "అక్కా, ఒంటిగంటయింది. నీ చెయ్యి వణకట్లేదేంటి?" అంది.

"నోర్ముయ్, దిష్టి పెట్టకు."

"కాదక్కా, ఇవాళ నువ్వు రుచి చూడలేదు. మాత్ర ఉత్తి నీళ్లతో వేసుకున్నావు."

మర్నాడే నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. అక్కడ, "దీనికి అయిదు రోజులకోసారి కూడా కావట్లేదమ్మా" అని గది బయటికి వినబడేలా చెప్పేసింది. నీకెలా తెలుసే అంటే, "ఇరవై ఏళ్లుగా ఒకే మరుగుదొడ్డి వాడుతున్నాం, తెలీదా?" అంది. (నవ్వులు)

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఈ జబ్బు పేగుల్ని కూడా మందగింపజేస్తుందట. కొందరికి వణుకు కంటే ఏళ్ల ముందే మలబద్ధకం వస్తుందట. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది, మాత్ర చిన్నపేగుకు చేరితే గానీ ఒంటబట్టదు, పైగా గుడ్డు, పప్పు, మాంసం దానికి అడ్డం పడతాయి. "జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచబోయాను కదమ్మా" అంది. మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోమంది. పేగులకు వేరే మందిచ్చింది. మూడో రోజు పొద్దున నేను మరుగుదొడ్డిలోంచి బయటికొచ్చి మా ఆయన్ని కావిలించుకుంటే, ఏమైందోనని ఆయన హడలిపోయారు. (చప్పట్లు)

అప్పటినుంచీ రుచి చూసేది మా చెల్లెలే. ఉప్పు ఒక పిసరు ఎక్కువ వేస్తుంది, ఎన్నిసార్లు చెప్పినా వినదు. అయినా రేపటినుంచి పెద్ద వంటమనిషి అదే. దాని మాట వినండి.

నా జబ్బు పోలేదు, పోదు కూడా. కొన్ని రోజులు బొత్తాం పెట్టుకోవడానికే పావుగంట పడుతుంది. కానీ ఆ ఉత్తరం ఎవరికీ ఇవ్వలేదు. చేతకాక వెళ్లిపోయిందని అనిపించుకోవలసిన మనిషిని, ఏళ్లు నిండి, మీ అందరి మధ్యా నిలబడి, నా కాళ్ల మీద నేను ఇంటికి వెళ్తున్నాను. నాకింకేం కావాలి? మీ అందరి రుణం ఉంచుకునే సెలవు తీసుకుంటున్నాను.