అద్దాలక్క రాళ్ల లెక్క

ఆ రాయికి కూడా ఫొటో తీశావా? తీసుకో, నాదేం పోయింది. కాకపోతే నీ ఫోన్లో ఉన్న ఆ చెట్టుకొమ్మకి తగిలించే ముందు ఒక మాట విను. ఆ రాయి మీద పేరున్న మనిషి ఆ రాయి కింద లేదు. అట్లా చూడకు పిల్లా, నాకు కాళ్లు పోయాయి గానీ మతి పోలేదు. కింద ఉన్నది మా అక్క. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మీ తాతకి అన్న భార్య, నీకు పెద్ద నానమ్మ. నువ్వు చూళ్లేదులే, మీ నాన్న పెళ్లికి ముందే పోయింది. ఊరంతా అద్దాలక్క అనేవాళ్లు. కళ్లద్దాలు పెట్టుకుని కాదు, ఇదిగో నా ఒళ్లో ఉందే, ఈ అద్దం. దీన్ని చంకన పెట్టుకుని రోజూ ఈ సమాధుల దొడ్డికి వచ్చేది. ఇప్పుడు నువ్వు చేస్తున్న పనే. రాయి రాయికీ వంగి, ఎవరు, ఎవరి కొడుకు, ఎవరి కోడలు అని రాసుకునేది. నీకైతే వంశవృక్షం కావాలి, నలుగురికీ చూపించుకోవాలి. దానికి అంతంత చెట్లు అక్కర్లేదు. ఒకే ఒక్క రాయి కావాలి. వాళ్లమ్మది.

చెప్తా, కూర్చో. ఆ గట్టు మీద కాదు, చీమలున్నాయి. వాళ్ల నాన్న ఇదే ఊళ్లో గోడౌన్ గుమాస్తా. భార్య పోయింది, చంటిపిల్ల మిగిలింది. పిల్లని ఎక్కడో ఉన్న తన అక్క ఒళ్లో పడేసి, ఇంకో ఊరికి బదిలీ చేయించుకుని, ఇంకో పెళ్లి చేసుకుని, ఆ విషయం మళ్లీ ఎత్తకుండా హాయిగా కాలం చేశాడు. ఇది పెరిగింది, అడిగింది. మేనత్తకి తెలిసింది ఊరి పేరొక్కటే. "ఆ ఊళ్లోనే పాతారమ్మా, రాయి కూడా పెట్టారు" అందట. అంతే, మా బావగారి సంబంధం ఈ ఊరి నుంచి వచ్చిందనగానే తల ఊపేసింది. ఆయనేమో చచ్చేదాకా, తన మీసం చూసి ఒప్పుకుందనే అనుకున్నాడు. పోనీలే, ఆ సంతోషమైనా మిగిలింది.

కాపురానికి వచ్చిన కొత్తలోనే ఇక్కడికి వచ్చింది. చూస్తే ఏముంది, సగం సమాధులకి రాళ్లే లేవు. ఉన్నవి అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అప్పుడు పట్టింది ఈ అద్దం. రాయికి ఎదురుగా ఎండ పడితే అక్షరం కనపడదు, తెలుసా? పక్కనుంచి ఏటవాలుగా పడాలి. అద్దంతో ఎండని పట్టి రాయి చెంప మీదుగా పంపిస్తే, అరిగిన అక్షరం కూడా లేచి నిలబడుతుంది. అది చదివి రాసుకునేది, నేను అద్దం పట్టుకునేదాన్ని. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఒక కోడలికి పిచ్చి, ఇంకో కోడలికి దాన్ని చూసే పిచ్చి" అనేది. నాకేం, ఇంట్లో అంట్లు తప్పేవి. పైగా ఇక్కడ నవ్వొచ్చేది కూడాను. ఈ దొడ్డిలో పడుకున్నవాళ్లంతా ధర్మాత్ములే. దయాశీలి, పరోపకారి, అజాతశత్రువు. ఆ మూలనున్న అజాతశత్రువుని నేను ఎరుగుదును, సందు గోడ కోసం అటూ ఇటూ ఇళ్లవాళ్ల మీద కోర్టుకెక్కి, వాయిదాకి వెళుతూ బస్టాండులో పోయాడు. విషయమేంటంటే రాళ్లు చెక్కేవాడు వానాకాలం పని లేనప్పుడు ఆ మాటలు ముందే చెక్కి పెట్టుకునేవాడు. పేరుకి మటుకు జాగా వదిలేవాడు. ఎవరు ముందు వస్తే వాళ్లు ధర్మాత్ములు. మీ తాత రాయి మీద చూశావుగా, అజాతశత్రువు అని? నేను వద్దన్నా. "అది తయారుగా ఉందమ్మా, వేరేదైతే నెల పడుతుంది" అన్నాడు. సరే కానీ అన్నా. ఆ శత్రువుని నేనేగా, నేనే ఊరుకున్నా.

ఏం చెప్తున్నా? ఆఁ, లేని రాళ్లు. ఎవర్నడిగినా ఒకటే మాట. "కాలవ పొంగినప్పుడు కొట్టుకుపోయాయమ్మా." రాళ్లు. కొట్టుకుపోయాయట. అక్క నమ్మింది కూడా. అసలు జరిగింది వేరు. కాలవ పొంగి ప్రహరీ పడి, సగం రాళ్లు ఒరిగిపోతే, ఊరి పెద్దలు వాటిని రోడ్డు పక్కన కుప్ప పోయించి తీర్మానం చేశారు, వారసులు వచ్చి తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టుకోవాలని. వారసులు వచ్చారు, తీసుకెళ్లారు. నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. కొందరైతే కుప్పదాకా కూడా ఆగలేదు, లోపల నిక్షేపంలా నిలబడ్డవాటినే ఊడబెరుక్కుపోయారు. ఇదంతా నా పెళ్లికి ముందు మాట, అక్క పెళ్లికీ ముందు మాట. తెలిసినవాళ్లందరూ నోరు కుట్టేసుకున్నారు. ఒక్కడు నోరు తెరిస్తే అందరి పెరళ్లూ బయటపడతాయిగా.

బయటపెట్టింది దివాణం గారు. కర్రల మిల్లు ఆయన. వాళ్ల తాత దివాన్‌గిరీ చేశాడని రోజుకొక్కసారైనా చెప్పకపోతే అన్నం అరిగేది కాదు, అందుకని ఆ పేరు. ఇంట్లో హాలు గోడంతా వంశవృక్షం రాయించాడు, బోర్డులు రాసే పెయింటరుతో. ఆకుపచ్చ ఆకులు, ఎర్ర పళ్లు, పండుకొక మనిషి. కింద మాను దగ్గర మాత్రం వాళ్ల తాతకని జాగా ఖాళీ. అక్కని పిలిపించాడు. "అమ్మా, నువ్వు రాళ్లన్నీ చూస్తున్నావు కదా, మా తాతగారిది కనపడితే ఆ దివాన్ అన్న ముక్క నకలు రాసి సంతకం పెట్టు, అతికిస్తాను" అన్నాడు. సరే, ఇద్దరం వెళ్లాం. కాళ్ల నిండా మట్టి. కడుక్కోండి అని వాళ్లావిడ పెరట్లోకి పంపింది. అక్కడ బట్టలుతికే బండ, నడుమ పగిలి ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇది కాళ్లు కడుక్కుంటూ అద్దాన్ని గోడకి ఆనించింది. ఎండ అద్దం మీద పడి తిన్నగా ఆ బండ కిందకి దూరింది. అక్క చెంబు అక్కడే పెట్టేసి, ఆ తడిలో బోర్లా పడుకుని కిందకి చూసింది. తర్వాత మెల్లగా లేచి, "అన్నయ్యగారూ, ఈ బండ ఒకసారి ఎత్తించండి" అంది. మిల్లు మనుషులు వచ్చి ఎత్తారు. చూద్దుము కదా, ధర్మాత్ముడు, దయాశీలి, దివాణం గుర్రపుశాలలో నమ్మకంగా పనిచేసినవాడు. సాక్షాత్తూ వాళ్ల తాత. ఆయన మీద వాళ్లు ఎన్నాళ్లుగా దుప్పట్లు బాదుతున్నారో ఆ దేవుడికే తెలియాలి. దివాణం గారు చాలాసేపు గొంతు సవరించుకుని, "గుర్రాలంటే ఆ రోజుల్లో అశ్వదళం కదమ్మా" అన్నాడు. తర్వాత వారం గోడ మీద మానుకి అశ్వదళాధిపతి అని పడింది. పెయింటరుకి మొహమాటమెక్కువ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఊరంతా ఎవరి మెట్టు వాళ్లు, ఎవరి బండ వాళ్లు తిరగేసి చూసుకున్నారు. అందరిదీ ఒకటే మొక్కు, ఇది మన తాత కాకుండా ఉండాలి, పక్కింటివాళ్ల తాతైనా పరవాలేదు అని. ఇక వాటిని ఇంట్లో ఉంచుకోవడమెట్లా? పొద్దునో సాయంత్రమో తీసుకెళితే నలుగురూ చూస్తారు, రాత్రి ఈ దొడ్డికి రావాలంటే భయం. అందుకని ఊరు భోంచేసి కునుకు తీసే వేళ చూసుకుని బయల్దేరారు. ఆ తెలివి ఒక్కడికి వస్తేగా, అందరికీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, ఈ రోడ్డంతా తోపుడు బళ్లు. ఒక్కోదాని మీద దుప్పటి కప్పి. ఎదురుపడితే "ఏం బావా, ఎక్కడికి?", "ఇట్లా, పిండిమరకి", "నేనూ అటే." పిండిమర ఊరికి ఆ కొస, వీళ్లు వెళ్లేది ఈ కొస. ఒక్కరూ నవ్వలేదట. నేను చూళ్లేదు, నేనప్పుడు మీ నాన్నని కనడానికి పుట్టింట్లో ఉన్నా. ఎవరు చెప్పినా పక్కవాడి బండి సంగతే చెప్పేవారు.

తెచ్చినవాళ్లు ఊరికే ఉన్నారా? ఎక్కడ జాగా దొరికితే అక్కడ పాతేసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. దివాణం గారు వాళ్ల అశ్వదళాన్ని తీసుకొచ్చి గేటు పక్కనే పెట్టాడు, అందరికీ కనపడాలని. దాని కింద ఉన్నది క్షురకుడు. పాపం, ఇప్పటికీ నీలాంటివాళ్లు వచ్చి ఆయన తల మీద దివాణం ఫొటోలు తీసుకుంటారు. అంటే ఏమైందీ, రాళ్లన్నీ వచ్చాయి, ఏ రాయీ తన మనిషి మీద లేదు.

నేను పసిపిల్లాణ్ణెత్తుకుని తిరిగొచ్చేసరికి అక్క మళ్లీ మొదటినుంచి రాస్తోంది. ఒకరోజు నేను అద్దం పట్టుకుని ఉన్నా, ఆ వెనక గోడ పక్కన. అది చదువుతూ చదువుతూ ఆగిపోయింది. నువ్వు చూశావుగా ఏముందో. ధర్మాత్మురాలు, దయాశీలి ఏమీ లేవు. పేరు, గోడౌన్ గుమాస్తా భార్య, కింద "పాలు తాగే పిల్ల తల్లి." అంతే. ఆ పిల్ల ఇది. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు. కాసేపటికి ఆ రాయి మొదట్లో మట్టి చేత్తో తవ్వి చూసింది. పచ్చి మట్టి. "ఇది నిన్నగాక మొన్న పాతారే. అమ్మ ఇక్కడ లేదే" అంది.

అప్పుడు మొదలైంది గడప గడపా తిరగడం. దాని లెక్క ఏంటంటే, ఆ రాయి ఎవరింటి నుంచి వచ్చిందో తెలిస్తే, వాళ్లు ముందు దాన్ని ఎక్కణ్ణుంచి పీకారో తెలుస్తుంది, అదే అమ్మ చోటు. "నేను ఎవర్నీ ఏమీ అనను, ఎవరికీ చెప్పను, ఎక్కణ్ణుంచి తెచ్చారో ఒక్కమాట చెప్పండి చాలు" అని చేతులు పట్టుకుని అడిగేది. ఎవరు చెప్తారు? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. "మా ఇంట్లో సమాధి రాయేంటమ్మా, అపచారం" అని ఒకావిడ. ఆవిడ నిలబడి మాట్లాడుతోంది మెట్టు ఊడిన గుంటలో. మా బావగారు పెళ్లాం ఒక్కతే తిరుగుతోందని తనూ వెంట వెళ్లేవాడు. తలుపులు కొట్టేది కూడా ఆయనే. "మానవత్వం ఉండాలండీ" అని ఒకళ్లిద్దర్ని గట్టిగా మందలించాడట కూడా.

ఇక ఆ రోజు. పొద్దున, వంటింట్లో అందరం ఉన్నాం. బావగారు పీట మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు, మీ తాత బూట్లు వేసుకుంటున్నాడు, నేను పిల్లాడికి పాలు పట్టిస్తున్నా. మా అత్తగారు పెరటి తలుపులోంచి నీళ్ల బిందెతో లోపలికి వస్తూ తట్టుకుని పడింది. బిందె దొర్లింది. లేవదీస్తుంటే మోకాలు పట్టుకుని తిట్లు మొదలుపెట్టింది. "పాడు సిమెంటు మెట్టు, అడుగు ఎత్తు సరిగ్గా అందదు. పాత రాయి ఉన్నన్నాళ్లు ఒక్కనాడైనా పడ్డానా?" అంది. అని, ఆగింది. ఆవిడ ఆగడం నేను చూడ్డం అదే మొదలు. మీ తాత ఒక బూటు చేత్తో పట్టుకుని అట్లాగే ఉన్నాడు. అక్క తడి నేల తుడుస్తోంది. తుడవడం ఆపకుండానే అడిగింది, "ఏ రాయి అత్తయ్యా?"

ఊరంతా తిరిగింది గానీ సొంత పెరటి గుమ్మం చూసుకోలేదు చూడు. పాత మెట్టు పగిలిందని సిమెంటుది వేయించామంటే నమ్మేసింది, నేనూ నమ్మా. దీపం కింద చీకటని ఊరికే అన్నారా. అది లేచి మొగుడి ముందుకి వచ్చి నిలబడింది. "మీరేనా తీసుకెళ్లింది?" ఆయన గ్లాసులోకి చూస్తూ, "నేను చదవలేదు. చదివితే ఎవరో తెలిసిపోతుందని కళ్లు మూసుకుని ఆ వెనక గోడ పక్కన పాతా" అన్నాడు. మళ్లీ అదే, "ఎక్కణ్ణుంచి తెచ్చారు మొదట?" అని అత్తగారి వైపు తిరిగింది. అప్పటికీ దాని మొహంలో ఆశ ఉంది, నేను చూశా. అత్తగారు కొంగుతో మోకాలు ఒత్తుకుంటూ, "రోడ్డు పక్క కుప్పలోంచే. మీ మామగారు తెచ్చారు, పలకలా బావుందని. అది ఎవరి మీదిదో మాకెట్లా తెలుస్తుందమ్మా" అంది.

నువ్వు వచ్చిన పని మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నావు. ఇంకా ఉంది. అక్క ఏం చేసిందో విను. ఆ రోజే, అందరూ కునుకు తీసే వేళ కాదు, ఊరంతా రోడ్డు మీద ఉండే వేళ చూసుకుని, తోపుడు బండి తీసుకుని ఇక్కడికొచ్చి, ఆ రాయి పెరికి, దుప్పటీ గిప్పటీ లేకుండా నడిబజార్లోంచి తోసుకుంటూ ఇంటికి తెచ్చింది. జనం అరుగుల మీదికి వచ్చి చూశారు. ఇంట్లో రాయి దొడ్డికి చేరిస్తే పరువు, దొడ్డి రాయి ఇంటికి తెస్తే పిచ్చి. దివాణం గారైతే "ఎంత అపచారం" అని చెంపలేసుకున్నాడు కూడా. పెరట్లో ఆ సిమెంటు మెట్టు పక్కనే, అక్షరాలు ఇటు తిప్పి నిలబెట్టింది. "కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈవిడ మీద కాలుపెట్టి లోపలికి వచ్చా. ఇక పక్కన కూర్చుంటా" అంది. పొద్దున కాఫీ అక్కడే తాగేది. బావగారు ఆ తలుపులోంచి మళ్లీ నడవలేదు, పెరట్లోకి వెళ్లాలంటే వీధి చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఆ తిప్పలు ఆయన పోయేదాకా ఉన్నాయి, చూడ్డానికి సరదాగా ఉండేది.

పోయే ముందు నన్నే పిలిచింది. తనకి రాయి వద్దంది. చెక్కేవాడి దగ్గర దయాశీలి ఒకటి తయారుగా ఉందట కూడా, మీ తాత కనుక్కొచ్చాడు. వద్దంది. "అమ్మ రాయి నా మీద పెట్టించు. ఆవిడ ఎక్కడుందో ఎటూ తెలియలేదు. ఆ రాయి కింద మా ఇద్దరిలో ఎవరో ఒకరం ఉండాలిగా" అంది. పెట్టించా. అదిగో, అదే.

ఎవరి పేరు రాయాలంటావా? నీ చెట్టులో ఒక రాయికి ఒక మనిషేనా పడుతుంది?

లే, ఆ ఆఖరి వరస మిగిలిపోయింది. ఇటు రా, అద్దం పట్టుకో. ఇంకాస్త పక్కకి. ఎండ పోతోంది.